పక్కకు తిప్పుతున్నానమ్మా

దెయ్యాలు, గాలి సోకడాలు అంటే నేను పడీపడీ నవ్వేదాన్ని. మా నాన్న నరసరావుపేటలో లారీ మెకానిక్. తాయెత్తులు కట్టించుకునేవాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లు మంట. నాకూ అదే బుద్ధి. ఇప్పుడు కూడా దెయ్యమని అనడం లేదు. జరిగింది చెప్తున్నా, అంతే.

అప్పుడు నర్సింగ్ మూడో సంవత్సరం. మా కాలేజీ స్కిల్ ల్యాబ్‌లో మంచం మీద ఒక రబ్బరు బొమ్మ ఉంటుంది. దాన్ని పేషెంట్ అనే అనాలి. చెయ్యి వేసే ముందు ఏం చేస్తున్నామో దానికి చెప్పాలి, భయపడొద్దనాలి. చెప్పకపోతే మార్కులు పోతాయి. రబ్బరుకి భయమేందే అని నేను చానా ఎగతాళి చేసేదాన్ని.

ఆ రోజు పొద్దున పదకొండింటికి, కొట్లాటలో దెబ్బలు తిన్న మనిషిని ఎట్టా చూడాలో నేర్పుతున్నారు. మేడం చీటీలో రాసిచ్చినట్టే బొమ్మ నుదుటి మీద, కుడి మోచేతి మీద ఎర్ర రంగుతో గాయాలు వేశాను. ఆ రెండే. కట్లు కట్టాక వీపు చూడ్డానికి నలుగురం కలిసి తిప్పబోయాం. చెప్పాల్సిన మాట ఎగ్గొట్టాను. మేడం స్కేలుతో చేతి మీద ఒక్కటిచ్చింది.

"అమ్మా, పక్కకు తిప్పుతున్నాను, భయపడొద్దు" అన్నాను.

"వినపళ్లా. మళ్లీ చెప్పు" అంది.

చిర్రెత్తుకొచ్చింది. అదే మాట విసుక్కుంటూ ఇంకోసారి అన్నాను.

తిప్పితే, వీపు మీద ఎడమ భుజం కింద చిన్న బెజ్జం. ఎర్రగా, తడితడిగా ఉంది. చీటీలో లేంది ఎందుకు వేశావని, మార్కులు కోస్తానని మేడం నా మీద ఎగిరింది. ఒట్టు, నేను వెయ్యలేదు.

పన్నెండింటికి పక్కనున్న ఆసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ. నేను వెళ్లేసరికి ఆటోలోంచి దించుతున్నది మా ఆపాని, అంటే మా అక్కని. పదకొండు గంటలప్పుడు బావ తలుపు బిగించి, గొడ్డుని బాదినట్టు బాదాడని పక్కింటి పిన్ని ఏడుస్తూ చెప్పింది. స్పానర్‌తో నుదురు పగలగొట్టాడు. అడ్డం పెట్టిన కుడి మోచెయ్యి విరగ్గొట్టాడు. వాడి చేతులు పడిపోను!

కుర్తా అంతా తల నుంచి కారిన రక్తమే. అందరూ తలనే చూస్తున్నారు. ఆపాకి ఊపిరి అందడం లేదు. నేను నుదురు చూశాను, మోచెయ్యి చూశాను. రెండూ పొద్దున నేను రంగు వేసిన చోట్లే.

"వీపు చూడండి సార్, వీపు!" అని గొంతు చించుకుని అరిచాను.

తిప్పారు. ఎడమ భుజం కింద స్క్రూడ్రైవర్ దిగిన బెజ్జం. ఊపిరితిత్తికి తగిలిందని అప్పటికప్పుడు ఛాతీలోకి గొట్టం వేశారు. ఇంకాసేపయితే దక్కేది కాదన్నారు.

సాయంత్రం ల్యాబ్‌కి పరిగెత్తాను. కట్లు విప్పి చూస్తే, బొమ్మ నుదుటి మీద, మోచేతి మీద రంగు అట్టాగే ఉంది. వీపు మీద మాత్రం ఏమీ లేదు. ఎవరూ కడగలేదని మేడమే చెప్పింది. తనూ తడిమి తడిమి చూసింది. మళ్లీ ఆ మార్కుల మాట ఎత్తలేదు.

వారానికి ఆపా మాట్లాడింది. మేం ఇంట్లో ఉర్దూనే మాట్లాడుకుంటాం.

"వాడు పొడిచాక నేలమీద బోర్లా పడున్నాను. నువ్వొచ్చి నన్ను పక్కకు తిప్పావు. నాతో తెలుగులో మాట్లాడావేందే? అమ్మా, భయపడొద్దు అన్నావు."

ఆపా నా చెయ్యి పట్టుకుంది.

"అది సరే. రెండోసారి ఎందుకే అట్టా విసుక్కున్నావు?"

ఇప్పుడు రబ్బరు బొమ్మకి కూడా ఆ మాట మెల్లగా చెప్తున్నాను.