డ్రైవరు సీటు పక్కన ఎండిన ఊరమిరపకాయలు

మొన్న కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే మా బావమరిది సెల్‌ఫోను చూసుకుంటూ వచ్చి, "బావా, నీ ట్యాంకుని తుక్కుకేస్తారంట! నిన్నెప్పుడు వేస్తారో కూడా కనుక్కోనా?" అని పళ్ళికిలించాడు. పాతబడిపోయిన మా యుద్ధ ట్యాంకు స్థానంలో కొత్తది తేవాలని సైన్యం ఆలోచిస్తోందట. ఆ ఎగతాళి నేను మరిచిపోయేది లేదు గానీ, వార్త కింద ఉన్న ఇంకో ముక్క చదివేసరికి ఆ కల్లంలోనే చిందెయ్యాలనిపించింది. అదేమిటో చెప్పాలంటే ముందు నా పాత గొడవ చెప్పాలి.

అద్దంకి పక్క పల్లె నుంచి సైన్యంలోకి పోయి రాజస్థాన్ ఇసుకలో నేను ఆ ట్యాంకు నడిపిన రోజుల్లో, పై మూత వేసుకుని డ్రైవరు సీట్లో కూర్చుంటే పొగాకు కాల్చే బ్యారన్‌లో ముడుచుకుని కూర్చున్నట్టే ఉండేది. మా కమాండరు పంజాబీ ఆయన, మంచివాడే, కానీ ఉక్కపోతని నేను మొరపెట్టుకున్నప్పుడల్లా, "ఏం మిర్చీ, మీ గుంటూరులో మంచు కురుస్తుందా?" అనేవాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరుండగా మిర్చీ అనడమేమిటని నాకు ఇప్పటికీ కష్టమే. అయితే ఆ పేరే నాకో దారి చూపించింది. మెస్సులో పచ్చిమిరపకాయలు అడిగి తెచ్చి, గాట్లు పెట్టి, ఉప్పేసిన పుల్లమజ్జిగలో నానేసి, దారానికి గుచ్చి నా సీటు పక్కన వేలాడగట్టాను. మా అమ్మ డాబా మీద రోజుల తరబడి ఎండబెట్టే ఊరమిరపకాయలు అక్కడ ఇట్టే ఎండిపోయాయి. వాటిని వేయించి పెడితే పెరుగన్నంలోకి ఇంకా ఇంకా అని అడిగిన కమాండరు, నా పేరు మాత్రం సరిగ్గా పిలవలేదు.

అలా ఉండగా, రాబోయే ట్యాంకులో ఏమేం ఉండాలో సిబ్బందిని అడగడానికి పెద్ద ఆఫీసర్లు వచ్చారు. అందరూ పెద్ద ఫిరంగి కావాలన్నారు, మందమైన ఉక్కు కావాలన్నారు. నేను లేచి డ్రైవరుకి చల్లగాలి కావాలన్నాను.

"పక్కన లస్సీ కూడా పెట్టించమంటావా?" అన్నాడు ఆ ఆఫీసర్లలో పెద్దాయన. గదంతా నవ్వింది, మా కమాండరు అందరికంటే గట్టిగా.

నేను జేబులోంచి మిరపకాయల దండ తీసి, మా నాన్న కల్లంలో కాయ ఎండిందో లేదో చూసినట్టు, ఆయన చెవి దగ్గర గలగలలాడించాను. "ఇవి నా సీటు పక్కనే ఎండాయి సార్, వీటితోపాటు నేనూ అక్కడే ఉన్నాను" అన్నాను నాకొచ్చిన హిందీలో. ఆయన నవ్వు ఆపి, దండ అందుకుని, చూసి, తన జేబులో వేసుకున్నాడు. సరేనని అనలేదు, దండ తిరిగి ఇవ్వనూ లేదు.

ఇన్నేళ్ళకి ఆ వార్త కింద ముక్క ఏమిటంటే, కొత్త ట్యాంకులో సిబ్బందికి చల్లగాలి పెడతారట! అది నా దండ మహిమేనంటే మా బావమరిది ఒప్పుకోడు, నేను వదలను. ఆ సాయంత్రమే పంజాబు నుంచి ఫోను మోగింది. "ఓయ్ మిర్చీ, నీ గాలి వచ్చేసిందిరా!" అని కమాండరు అరిచిన అరుపుకి కల్లంలో కూలీలంతా తలెత్తి చూశారు. ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో, అభ్యంతరం చెప్పడం కూడా మరిచిపోయి నవ్వుతూ ఉండిపోయాను. ఊరమిరపకాయలు పంపమన్నాడు.

పంపాను, డాబా మీద ఎండినవి. కానీ ఇనుము వేడీ డీజిలు వాసనా పట్టిన ఆ రుచి వీటికెక్కడిది? రేపు ఆ కొత్త సీట్లో కూర్చునే కుర్రాడికి ఒళ్ళు చల్లగా ఉంటుంది, పక్కన ఏదీ ఎండదు. అడిగింది నేనే కదా, ఇంక ఎవరి మీద ఫిర్యాదు చెయ్యను?