అమ్మ చెయ్యి అచ్చు పడిన పిడక

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యంలో సముద్రం రెండు పాయలవుతుంది, సింహాలు నోళ్లు మూసుకుంటాయి, ఆకాశం తెరుచుకుని వెలుగు దిగుతుంది అని మొదలుపెడదామనుకున్నాను. తీరా కూర్చున్నాక గుర్తొచ్చింది, మా జహీరాబాదుకు సముద్రం లేదు, సింహాలూ లేవు, ఉన్నవి సంతరోజు బజారుకు అడ్డంగా నిలబడే బర్రెలు, అవి ఎవరు చెప్పినా నోరు మూయవు. కాబట్టి నాది ఒక మట్టి గురిగి, ఒక పిడక సంగతి మాత్రమే. అయినా దేవుడు ఇందులో ఉన్నాడు, అంతవరకు పూచీ నాది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి చలికాలం మా అమ్మకు దగ్గితే నెత్తురు పడింది. దూరంగా గుట్ట మీదున్న టీబీ దవాఖానలో చేర్చుకుని, నయమయ్యేదాకా ఇంటికి పంపేది లేదన్నారు. ఇంట్లో నేనూ నాయినా మిగిలాం. నేను సైకిల్ షాపులో పంక్చర్లు వేసేవాడిని, నాయిన పటేలు చెరుకు బండి తోలేవాడు, రొట్టె చేయడం ఇద్దరికీ రాదు, తినడం మాత్రం ఇద్దరికీ బాగా వచ్చు, అందుకని రెండు పూటలా జొన్న రవ్వ గటకే వండుకునేవాళ్లం.

వెళ్లే ముందు అమ్మ పొయ్యి పక్కనున్న చిన్న మట్టి కుండ, ఆ గురిగిని చూపించి, "నేను లేనని పిడికెడు ఆపకున్రి" అంది. మీకు తెలిసిందే, తిండికి జొన్నలు తీసినప్పుడల్లా ఒక పిడికెడు గురిగిలో వేసి ఆదివారం గుడికి తీసుకుపోవాలి, పాస్టరయ్య ఇంటి తిండి అదే. వేసేటప్పుడు అమ్మ ఒకటే ప్రార్థన చేసేది: "ప్రభువా, ఇది నీది, మిగిలింది మాకు సాలేటట్టు జూడు."

అమ్మ వెళ్లాక నాకు ప్రార్థన రాలేదు. గుడిలో అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థిస్తుంటే నా పెదవులు కూడా కదిలేవి, లోపల మాత్రం గాలి పోయిన ట్యూబు. సాయంత్రం దవాఖాన వైపు నుంచి బస్సు వచ్చినప్పుడల్లా పంక్చరు వదిలి తలెత్తి చూసేవాడిని, నయం కానిదే పంపరని తెలుసు, తెలిసినా ఆఖరి మనిషి దిగేదాకా చూసేవాడిని, బజారులో ఏ ఆడమనిషి దగ్గినా తల తిప్పేవాడిని.

ఇంతలో ఇంట్లో జొన్నలు అనుకున్నదానికంటే ముందే అడుగంటాయి. ఎందుకో మాకు అర్థం కాలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్యే నాయినను ఆపి తేల్చాడు.

"ఏం యోహాను, నీ గురిగి పొర్లుతున్నది. పంట గిట్ల మంచిగొచ్చిందా?"

మాకు చేనే లేదు. ఇంటికొచ్చాక నాయిన తన పిడికిలి వైపు చూసుకున్నాడు. "నా పిడికిలి మీ అమ్మదానికి రెండింతలుంటది గదరా."

"అమ్మది ఎంతుంటది నాయినా?"

నాయిన వేళ్లు ముడిచాడు, కొంచెం విప్పాడు, మళ్లీ ముడిచాడు. "ఎరుక లేదురా. ఎన్నడన్న జూసిన్నా?"

నాకూ తెలియదు మరి.

ఆ వారమే దవాఖాన వైపు నుంచి కబురొచ్చింది, రెండో ఊపిరితిత్తికి కూడా పాకింది, డాక్టర్లు ఏ మాటా గట్టిగా చెప్పడం లేదని. పొద్దున నాయిన గురిగి మూత తీస్తుంటే అన్నాను, "ఇగ ఆపు నాయినా. ఇంత జేసినా ఆయన ఇనకపాయె."

"ఆపితె మీ అమ్మకు ఏం జెప్తం? ఒచ్చుడుతోనే గురిగిల చెయ్యి వెట్టి జూస్తది."

"ఒస్తె గద."

నాయిన పిడికెడు వేసి, మూత పెట్టి, బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

నేను పొయ్యి రాజేయాలని పెరట్లోకి పోయాను. గోడకు అమ్మ చరిచిన పిడకల్లో ఆఖరి వరుస మిగిలి ఉంది. ఒకదాన్ని ఊడదీయబోయి ఆగాను. దాని మీద ఐదు వేళ్లూ అచ్చు పడి ఉన్నాయి, చిటికెన వేలు కొంచెం వంకరగా. నా చెయ్యి దాని మీద పెట్టాను. అచ్చంతా నా చేతి కింద కనబడకుండా పోయింది. ఇంత చిన్న చెయ్యితోనా ఇన్నేళ్లూ మా ఇల్లు నడిచింది అనుకున్నాను. అప్పుడు నోట్లోంచి దానంతటదే వచ్చింది: "ప్రభువా, ఇది నీది, మిగిలింది మాకు సాలేటట్టు జూడు." అన్నాక గానీ తెలియలేదు, నేను ఆయన చేతిలో పెట్టింది జొన్నలు కాదు, అమ్మనని. వెనక్కి తీసుకుందామా అనిపించింది, తీసుకోలేదు.

వెలుగు దిగలేదు సహోదరులారా, స్వరం వినబడలేదు, పక్కనే కట్టేసిన బర్రె తోక విసిరితే నా చెంప మీద తగిలింది, అంతే. కానీ అన్ని రోజులుగా ఒంటరిగా మోస్తున్న బరువుకు రెండో వైపున ఎవరో చెయ్యి వేసినట్టు అనిపించింది, ఆ చెయ్యి మళ్లీ తీయలేదు. ఆ పిడక ఇంట్లోకి తెచ్చి, దాని మీది అచ్చును బట్టి పిడికెడు కొలిచాం. నాయిన మూడు వేళ్లతో తీస్తే అమ్మ పిడికెడు అయింది.

ఎండాకాలం పోయి తొలకరి పడ్డాక అమ్మ బస్సు దిగింది, చిక్కిపోయి, దగ్గు లేకుండా. దేవునికే మహిమ. రాకపోయి ఉంటే ఈ సాక్ష్యం చెప్పేవాడివా అని నన్ను నేనే అడిగాను. చెప్పేవాడినే, నవ్వుతూ మాత్రం కాదు, ఎందుకంటే నాకు ఆదరణ బస్సులో రాలేదు, అంతకుముందే పెరటి గోడ దగ్గరికి వచ్చింది. పెదవులు మాత్రమే కదులుతున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, పెద్ద ప్రార్థన కోసం ఆగకండి. మీకు అన్నిటికంటే ప్రియమైనదాని మీద చెయ్యి పెట్టి, ఇది నీది అనండి. ఆయన నమ్మదగినవాడు.

ఆ పిడక ఏమైందని అడుగుతారు. గూట్లో బైబిలు పక్కన పెట్టుకున్నాం. వచ్చిన సాయంత్రమే అమ్మ చూసి, "పిడకను గూట్ల వెట్టిన్రేందిరా?" అని తీసి పొయ్యిలో పెట్టింది. బాగా ఎండి ఉంది కాబట్టి స్నానానికి నీళ్లు తొందరగా కాగాయి.