మా మామయ్యతో సహా దొర్లిన వింటేజ్ ట్రైలర్

మామగారి మనసు నొప్పించడానికి అల్లుళ్లకు చాలా దారులున్నాయి. భోజనాల దగ్గర కూరలో ఉప్పు తక్కువైందనొచ్చు. ఆయన పార్టీకి కాకుండా అవతలి పార్టీకి ఓటేశానని నోరు జారొచ్చు. నేను ఇలాంటి చిల్లర పనులతో కాలయాపన చెయ్యలేదు. మా మామయ్య తలనిండా సబ్బు నురగతో ఉండగా, ఆయన్ను ఒక రేకు డబ్బాతో సహా గుట్ట మీంచి కిందికి తోశాను. రెండు చేతులూ పెట్టి, భుజం ఆనించి మరీ తోశాను. పక్కన మా అత్తయ్య హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. నా భార్య స్రవంతి వీడియో తీస్తోంది.

కావాలని తొయ్యలేదు. ఈ మాట అప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను. ఇంట్లో ఎవరూ నమ్మలేదు గనక ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నాకు నరసరావుపేటలో సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. బేరాలు లేనప్పుడు ఫోన్లో రీల్స్ చూస్తుంటాను. అంటే పొద్దున తాళం తీసింది మొదలు సాయంత్రం వేసేదాకా చూస్తుంటానన్నమాట. అలా చూస్తూ చూస్తూ గ్లాంపింగ్ అనే విద్య గురించి తెలుసుకున్నాను. తెలియని వాళ్ల కోసం చెబుతాను. మన తాతలు గత్యంతరం లేక చేసిన పనులన్నీ మనం ఏసీ పెట్టించుకుని చెయ్యడమే గ్లాంపింగ్. వాళ్లు మంచం లేక నేల మీద పడుకున్నారు, మనం మంచం ఇంట్లో వదిలేసి డబ్బిచ్చి నేల మీద పడుకుంటాం. వాళ్లు కరెంటు లేక లాంతరు పెట్టుకున్నారు, మనం లాంతరుకే కరెంటు పెట్టుకుంటాం.

ఇదంతా చూశాక నాకు మా మామయ్య పొలం మీద కన్ను పడింది. రొంపిచెర్ల దగ్గర కాలువ పక్కన నాలుగెకరాలు. ఏటా మిరప వేస్తాడు. అక్కడ కాలువ గాలి, చుట్టూ పచ్చదనం, దూరంగా కొండ. అలాంటి చోట మనుషుల్ని పెంచకుండా మిరపకాయలు పెంచడమేమిటని నాకు రాత్రింబగళ్లు బాధగా ఉండేది. ఆ నాలుగెకరాలు నా చేతిలో పెడితే రిసార్టు కట్టి, కొట్టు మూసేసి, టోపీ పెట్టుకుని తిరగొచ్చని నా ఆశ.

అడగాల్సింది మామూలు మనిషిని కాదు. మా మామయ్య మాజీ సర్పంచ్. గట్టు తగాదా నుంచి మొగుడూ పెళ్లాల తగాదా దాకా ఊళ్లో ఆయనదే తీర్పు. నేను సంగతి విప్పగానే అడిగాడు.

"ఏందయ్యా అల్లుడూ, చేలో పడుకోడానికి గుంటూరు నించి జనం వస్తారా?"

"గుంటూరేంది మామయ్యా, హైదరాబాదు నించి వస్తారు."

"వాళ్లకి చేలు లేవా?"

"లేవు."

"పాపం," అని ఊరుకున్నాడు.

ఈ మనిషికి కళ్లారా చూపిస్తే తప్ప ఎక్కదని అర్థమైంది. మాచర్ల దాటాక గుట్ట మీద కొత్తగా ఒక రిసార్టు పెట్టారు. కృష్ణ కనిపిస్తుంది. అందులో అన్నిటికంటే గొప్పది వింటేజ్ ట్రైలర్ అని చెప్పి ఒక శనివారానికి దాన్నే బుక్ చేశాను. రంగు బొమ్మలతో ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీయించి సంచిలో పెట్టుకున్నాను. మధ్యాహ్నానికి చేరతాం, మామయ్య చల్లగా స్నానం చేస్తాడు, కృష్ణ వంక చూస్తూ కాఫీ తాగుతాడు, నేను ఫైలు తీస్తాను. ఇదీ పథకం. స్నానం దాకా అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

ట్రైలర్ అంటే కారు వెనక కట్టి లాక్కెళ్లే ఇల్లు. గుండ్రటి మూలలతో వెండి రంగులో మెరుస్తూ ఉంది. మధ్యలో రెండు పెద్ద చక్రాలు, ముక్కు కింద ఒక చిన్న చక్రం. లోపల ఒక మంచం, ఒక పొయ్యి, అగ్గిపెట్టెకి అన్నలాంటి స్నానాలగది. మ్యానేజరు దాని చరిత్రంతా చెప్పాడు. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిందట, అరవై ఏళ్ల వయసట.

మామయ్య దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వేలితో కొట్టి చూశాడు. "మా మోటారు షెడ్డు ఇంతకంటే పెద్దది," అన్నాడు.

"ఇది వింటేజ్ సార్," అన్నాడు మ్యానేజరు.

"ఆ షెడ్డు మా నాయన కట్టించింది. అదీ పాతదే." తలుపు పక్కన వేలాడే లాంతరు చూపించి, "పట్టపగలు అదెందుకు వెలుగుద్ది?" అని అడిగాడు.

"ఆంబియన్స్ సార్."

"ఆర్పెయ్యమ్మా స్రవంతీ," అని కూతురికి చెప్పి లోపలికెళ్లి స్నానాలగదిలో దూరాడు.

ఆ తర్వాత మ్యానేజరు నాకేవో జాగ్రత్తలు చెప్పాడు. నేను ఆ సమయంలో లాంతరు ఫోటో తీస్తున్నాను. కింద ఏవో చెక్కలున్నాయనీ వాటిని ముట్టుకోవద్దనీ అన్నట్టు గుర్తు. నేను "ఓకే ఓకే" అన్నాను. చదువుకున్న వాడికి ఇవన్నీ చెప్పాలా అనుకున్నాను కూడా.

మ్యానేజరు అటు వెళ్లగానే అత్తయ్య నా దగ్గరికి వచ్చింది.

"అల్లుడు గారూ, ఇది ఇల్లా, బండా?"

చూడండి, ఎంత చిన్న ప్రశ్నో. ఇల్లు అని ఉంటే అత్తయ్య పొయ్యి మీద పాలు పొంగించి ఊరుకునేది. ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ నాకు ట్రైలర్ గొప్పతనం చెప్పాలనే దురద.

"బండే అత్తయ్యా. దేశాలు తిరిగిన బండి."

అత్తయ్య ముఖం మారిపోయింది. "అయ్యో, కొత్త బండి ఎక్కేటప్పుడు నిమ్మకాయలు తొక్కించకుండా మీ మామయ్య ఎక్కి కూర్చున్నాడే."

"ఇది కొత్తది కాదమ్మా, అరవై ఏళ్లది," అంది స్రవంతి.

"మనకి కొత్తదే గదా. ఎన్ని దేశాల దిష్టి ఉందో దీనికి." అంటూనే సంచి విప్పింది. అందులో నిమ్మకాయలు, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, కర్పూరం అన్నీ ఉన్నాయి. మా అత్తయ్య బట్టలు మర్చిపోయి ప్రయాణం చేస్తుందేమో గానీ ఇవి మర్చిపోదు. క్షణంలో ఆ వెండి ముక్కుకి మూడు వేళ్ల పసుపూ, మధ్యలో కుంకుమబొట్టూ పెట్టేసింది. సముద్రాల అవతలి ఆడపడుచు మా పలనాటి కోడలైపోయింది.

మూడు చక్రాల ముందు మూడు నిమ్మకాయలు పెట్టి, హారతి వెలిగించి, "కొంచెం ముందుకి పోనివ్వండి బాబూ," అంది.

దీనికి ఇంజను ఉండదని చెబితే సరిపోయేది. అప్పుడు అల్లుడి పరువేం కావాలి? మా వైపు కొత్త మోటారు సైకిలైనా, ట్రాక్టరైనా, వరికోత మిషనైనా నిమ్మకాయ తొక్కందే కదలదు. మామయ్య కాబోయే భాగస్వామి, ఆయన భార్య మొదటిసారి ఒక పని చెప్పింది. కాదంటానా?

"దానిదేముంది అత్తయ్యా, జానెడు కదిపితే చాలు," అన్నాను.

"ఏమండీ, వద్దేమో. మ్యానేజర్ని పిలుద్దాం," అంది స్రవంతి.

"నువ్వు వీడియో తియ్యి," అన్నాను.

నాలుగు మూలలా ట్రైలర్‌ని నిలబెట్టే ఇనప కాళ్లున్నాయి. కారు జాకీ తిప్పినట్టు తిప్పి వాటిని పైకి లేపాను. చక్రాలకి అడ్డంగా చెక్కలు కనిపించాయి. వీటి గురించి ఎవరో ఏదో అన్నారే అనుకుంటూనే తీసేశాను. బండి కదల్లేదు. వెనక్కి వెళ్లి తోశాను. కదల్లేదు. లోపల్నుంచి నీళ్ల చప్పుడూ, "ఈ పెట్టెలో మోచెయ్యి యాడ పెట్టుకోవాల?" అని మామయ్య గొంతూ వినిపిస్తున్నాయి. నాకు పౌరుషం వచ్చింది. భుజం ఆనించి, కాళ్లు నేలకి తన్ని, ప్రాణం పెట్టి తోశాను.

నిమ్మకాయలు చిట్లిన చప్పుడు ఎంత శ్రావ్యంగా ఉందని. అత్తయ్య కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. జానెడు కదిలింది. తర్వాత మూరెడు కదిలింది. తర్వాత నా భుజం గాల్లో ఉంది, ట్రైలర్ అక్కడ లేదు.

ఆ గుట్ట మీంచి కృష్ణ ఎందుకు అంత బాగా కనిపిస్తుందో అప్పుడు అర్థమైంది. అది పల్లం కాబట్టి కనిపిస్తుంది.

నీళ్ల పైపు తెగింది. కరెంటు తీగ ఊడింది. రంగు బల్బుల దండని తోకలా ఈడ్చుకుంటూ ట్రైలర్ దిగిపోతోంది. వెనక నేను, నా వెనక స్రవంతి, ఆమె వెనక హారతి పళ్లెంతో అత్తయ్య. నవ్వులాటకి చెప్పడం లేదు. పొలమూ వద్దు, రిసార్టూ వద్దు, ఆ మనిషి బతికి బయటికొస్తే చాలని మొక్కుకున్నాను. లోపల్నుంచి మామయ్య గొంతు మాత్రం నిదానంగానే వచ్చింది.

"అల్లుడూ, ఇది నడుస్తది కూడానా?"

వెదురు కంచెని పడగొట్టుకుని అవతలికి పోయింది. అవతల కోటయ్య అనే రైతు మిరపకాయలు ఎండబోసిన కల్లం ఉంది. కల్లం చివర ఎండిన కాయలు నడుమెత్తున రాశిపోసి ఉన్నాయి. మా ట్రైలర్ పోయి ఆ రాశిలో ముక్కు పెట్టి ఆగింది. ఎర్రటి దుమ్ము లేచింది.

తర్వాత తుమ్ములు మొదలయ్యాయి. కోటయ్య తుమ్మాడు, కూలీలు తుమ్మారు, నేనూ స్రవంతీ అత్తయ్యా తుమ్మాం. మ్యానేజరు పరుగున వచ్చి నోరు తెరిచి, ఒక్క మాట కూడా అనకుండా పదిహేనుసార్లు తుమ్మాడు. అప్పుడు ట్రైలర్ తలుపు తెరుచుకుంది. రిసార్టు వాళ్ల తెల్లటి స్నానం కోటు వేసుకుని, తలమీద నురగతో మా మామయ్య మిరపకాయల రాశి మీదికి దిగాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. కోటయ్య ఆయన్ను పోల్చుకున్నాడు.

"రొంపిచెర్ల సర్పంచ్ గారు గదా. ఏందండీ, ఇట్టా వచ్చారు?"

"మా అల్లుడు తీసుకొచ్చాడు," అన్నాడు మామయ్య.

పంచాయితీ అక్కడే జరిగింది. మామయ్య నీళ్లతో ముఖం కడుక్కుని, ఆ కోటుతోనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కళ్లు మండుతుంటే, ట్రైలర్లో ఉన్న నా సంచిలోంచి ప్రాజెక్టు రిపోర్టు తీసి దాంతో విసురుకున్నాడు. అన్ని నెలల నా కష్టం అలా ఉపయోగపడింది.

మ్యానేజరు ఇంగ్లీషు మొత్తం ఆ గుట్ట మీదే వదిలేసి వచ్చాడు. "చెక్కలు తియ్యొద్దని మొత్తుకున్నా గదండీ. ఇదేందండీ ఇట్టా చేశారు. ఇరుసు వంగింది, ముక్కు సొట్టపోయింది. ఇంక దీన్ని వింటేజ్ అని ఎవరికిస్తాం?"

"పాత డబ్బాకి సొట్ట పడితే పాతది కాకుండా పోయిద్దా?" అన్నాడు మామయ్య.

"మా ఓనరు ఒప్పుకోడండీ."

నలిగిన కాయలు మనమే డబ్బిచ్చి తీసుకోవాలన్నాడు మామయ్య. కోటయ్య సరేనన్నాడు. ట్రైలర్ కూడా మనమే తీసుకోవాలన్నాడు. మ్యానేజరు ఫోన్లో ఓనరుతో మాట్లాడి సరేనన్నాడు. తర్వాత మామయ్య నావైపు తిరిగాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను.

"ఏందయ్యా అల్లుడూ, కాలువ పక్క నాలుగెకరాలు కావాలన్నావు గదా?"

"వద్దు మామయ్యా. బుద్ధొచ్చింది."

"వద్దంటే ఎట్టా. తీసుకో."

నా చెవుల్ని నేను నమ్మలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటుకి అనుకునేరు, సంతోషానికే.

"మిరప కోతలప్పుడు కల్లం కాడ కాపలాకి నాకు నమ్మకమైన మనిషి దొరకట్లా," అన్నాడు మామయ్య. "ఈ డబ్బాని అక్కడ పెట్టిస్తా. నువ్వు అందులో ఉండు. గాలి, పచ్చదనం, కొండ, అన్నీ నువ్వే జెప్పావుగా."

మర్నాడు దాన్ని ట్రాక్టరుకి కట్టి రొంపిచెర్ల తీసుకెళ్లాం. చేలోకి దిగేముందు అత్తయ్య మళ్లీ నిమ్మకాయలు తీసింది. నేను దూరంగా పోయి నిలబడ్డాను. "ఆ రోజు దిష్టి తియ్యబట్టే ఆయనకి ఏమీ కాలేదు," అని అత్తయ్య ఇప్పటికీ అందరికీ చెబుతుంది. కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

అప్పటినుంచీ ఏటా కోతలప్పుడు కొట్టు స్రవంతికి అప్పగించి నేను గ్లాంపింగ్‌కి వెళుతున్నాను. వింటేజ్ ట్రైలర్, ఎదురుగా కాలువ, చుట్టూ ఎర్రటి మిరపకాయలు. లాంతరు కూడా ఉంది, దానికి కరెంటు లేదు. మొన్న హైదరాబాదు కారొకటి కల్లం పక్కన ఆగింది. అందులోంచి ఒక అమ్మాయి దిగి ట్రైలర్‌తో నాలుగు ఫోటోలు దిగి, మామయ్యని అడిగింది.

"అంకుల్, ఈ ప్లేస్ చాలా బాగుంది. ఇక్కడ స్టే చెయ్యడానికి ఇస్తారా? ఖాళీ ఉందా?"

నేను లోపల ఊపిరి బిగపట్టుకుని విన్నాను. అన్నేళ్ల నా కల తలుపు దగ్గర నిలబడి అడుగుతోంది.

"ఖాళీ లేదమ్మా," అన్నాడు మామయ్య. "మా అల్లుడు బుక్ చేసుకున్నాడు. నేనున్నన్నాళ్లూ ఆయనకే."

కాబట్టి పాఠకులారా, ముక్కు సొట్టపోయిన ఈ ట్రైలర్ గడప మీద కుడిచెయ్యి పెట్టి, మిరప కల్లం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై చక్రాలున్న దేన్నీ నా చేత్తో నిమ్మకాయ మీదికి తొయ్యను. తొయ్యక తప్పకపోతే ముందు పల్లం ఎటుందో చూస్తాను. అంతకంటే ముందు, లోపల మామయ్య స్నానం చేస్తున్నాడేమో తలుపు కొట్టి కనుక్కుంటాను.