డ్రైవర్‌తో పంపిన జబ్బు

సూర్యాపేట వేరే జిల్లా అయిన మరుసటి ఏడు వానాకాలంలో నన్ను కోదాడ ప్రభుత్వ దవాఖానకు సుఖవ్యాధుల కౌన్సెలర్‌గా వేశారు. డాక్టర్ చూసే ముందు వివరాలు అడగడం, చూశాక భయం తగ్గించడం నా పని. ఈ జబ్బుకు సొంత ఊరి దవాఖాన ఎవరికీ పనికిరాదు. మిర్యాలగూడ వాళ్లు కోదాడకు వచ్చేవారు, కోదాడ వాళ్లు సూర్యాపేటకు పోయేవారు. బస్సులకు మా వల్ల కొంత మేలు జరిగే ఉంటుంది.

ఒక ఉదయం మిర్యాలగూడ నుంచి యాదగిరి అనే కారు డ్రైవర్ వచ్చి, పుండయిందన్నాడు. నొప్పి ఉందా అని అడిగాను. జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఆగుండ్రి సారూ, అడిగి చెప్త."

తన పుండు సంగతి ఫోన్‌లో కనుక్కునే మనిషిని అంతవరకు నేను చూడలేదు.

"నొప్పి లేదంట సారూ."

నొప్పి లేదంటే మా వృత్తిలో సంతోషించరు. ముందు సిఫిలిస్‌ను అనుమానిస్తారు. పుండు ఎవరిదని గట్టిగా అడిగాను.

"మా సేటుది. బియ్యం మిల్లు ఉంది. జర గోలీలిస్తే పట్కపోత. సేటమ్మకు ఏడో నెల, ఇంట్ల పరేషాన్ ఎందుకని..."

ఇక కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. తల్లికి సోకి ఉంటే కడుపులోని బిడ్డకూ సోకవచ్చు. సకాలంలో సూది పడితే అందరూ బయటపడవచ్చు. యాదగిరి చేతిలోని ఫోన్ తీసుకొని, సిఫిలిస్ కావచ్చని సేటుకు చెప్పాను.

"మాకెందుకొస్తయి సారూ గిసుంటియి?" అన్నాడు సేటు. "హమాలీలకొస్తయి గానీ. మొన్ననే మా మిల్లుల అందరికీ రక్తపరీక్ష చేయించిన. ఒక్కనికి లేదు."

చేయించుకోనిది తమరొక్కరేనన్నమాట అన్నాను. గోలీలతో కాదు, సూది పడాలన్నాను.

"యాదగిరి ఉన్నడు గదా. ఆ సూదేందో వానికెయ్యుండ్రి."

యాదగిరికి వేస్తే తమకు తగ్గదని మనవి చేసి, బిడ్డ సంగతి వివరించాను. ఫోన్‌లో మిల్లు చప్పుడు దూరమైంది; సేటు బయటికి నడిచినట్టున్నాడు.

"రేపు పొద్దుగాల వస్త," అన్నాడు.

భార్యను తీసుకొని వచ్చాడు. ఆమెకు సంగతి కారులోనే చెప్పాడట. ప్రయాణం సాఫీగా సాగలేదని ఆమె ముఖమే చెప్పింది. సేటు నేరుగా లోపలికి రాబోతే, మఠంపల్లి సిమెంటు కూలీ ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందొచ్చినోళ్లం మేమున్నం సేటూ. ఇగ గీడ నిలబడు."

నిలబడ్డాడు. పరీక్షలో ఇద్దరికీ జబ్బు ఉందని తేలింది. ఇద్దరికీ సూదులు పడ్డాయి. కాన్పయ్యాక, పాపకు ఏమీ లేదని పరీక్షలో తేలిన కబురు యాదగిరే ఫోన్‌లో చెప్పాడు. ఆ పూట దవాఖాన వరండాలో నేను ఉద్యోగి హోదాకు మించిన వేగంతో నడిచానని తోటివాళ్లు అన్నారు.

కూలి పోతుందని పేదవాడు ఆలస్యంగా వస్తాడు. పరువు పోతుందని డబ్బున్నవాడు ఇంకొకరిని పంపుతాడు. మేము మాత్రం జబ్బును లారీ అడ్డాల్లో, హమాలీల దగ్గరే వెతికాం కనుక అక్కడే దొరుకుతుందనుకున్నాం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, వచ్చినవారి చెప్పులు ఎంత ఖరీదైనవైనా, నా మొదటి ప్రశ్న ఒకటే: జబ్బు మీదేనా?