వీట్ బీర్ గదిలో నిలవని దీపం

2016, దసరా రోజులు. జూబ్లీహిల్స్ నుంచి ఫిలింనగర్ వైపు దిగే దారిలో ఒక మైక్రోబ్రూవరీ ఉండేది. అందులో నేను బ్రూమాస్టర్‌ని. మైక్రోబ్రూవరీ అంటే బీరు అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే గ్లాసులో పోసిచ్చే చోటు. ఆ బీరు మంచికీ చెడుకీ జవాబు చెప్పాల్సిన మనిషి బ్రూమాస్టర్. మా అమ్మ మాత్రం మధురానగర్‌లో చుట్టాలందరికీ నేనేదో ఫుడ్ కంపెనీలో మైక్రోబయాలజిస్టునని చెప్పుకునేది. బీరును పులియబెట్టే ఈస్టు కూడా సూక్ష్మజీవే కనుక అందులో అబద్ధమేమీ లేదు.

సాయంత్రమైతే మాదాపూర్ నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు మెడలో ఐడీ కార్డులు కూడా తీయకుండా వచ్చి వాలిపోయేవారు. శ్రీనగర్ కాలనీ నుంచి సినిమావాళ్లు తీరిగ్గా వచ్చేవారు. అందరిదీ ఒకటే పాట: "మేడం, ఇంకా చిల్డ్‌గా కావాలి." నాకు ఒళ్లు మండిపోయేది. ఒక పెద్దమనిషి స్టౌట్‌లో ఐసు ముక్కలు వేసుకుంటే గ్లాసు లాక్కున్నంత పని చేశాను. స్టౌట్ అంటే బాగా మాడ్చిన బార్లీతో చేసే నల్ల బీరు. కాఫీ, చాక్లెట్ వాసనలే దాని ప్రాణం. గడ్డకట్టేంత చల్లగా తాగితే నాలుక మొద్దుబారి ఆ వాసన ఒక్కటీ తెలియదు. కాసేపు బల్ల మీద ఉంచి, చలి కాస్త తగ్గాక, కాల్చిన మటన్ ముక్కతో తాగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

హెఫెవైజెన్ అని జర్మనీవాళ్ల గోధుమ బీరు ఒకటుంది. మా దగ్గర దాన్ని వీట్ బీర్ అనేవాళ్లం. ఈస్టు కలిసిపోయి మసగ్గా ఉంటుంది. పాడైపోయిందనుకుని వెనక్కి పంపేవాళ్లు ఎంతమందో! పొడుగు గ్లాసును వంచి నెమ్మదిగా పోసి, చివర్లో నిలబెట్టి పైన రెండు వేళ్ల మందం నురగ రానివ్వాలి. తాగే ముందు ముక్కు దగ్గర పెట్టుకోవాలి. మేం అరటిపండు గానీ లవంగం గానీ ఏమీ వేయం, అయినా ఆ రెండు వాసనలూ వస్తాయి. అదంతా ఈస్టు మహిమే. ఆ వాసనను పట్టి ఉంచేది నురగ. "మేడం, నురగ తీసేసి నిండా పోయండి" అనేవాళ్లతో నాకు రోజూ తగాదానే.

ఆ నురగనీ, నాలుక మీద ఆ చురుకునీ ఇచ్చేది కార్బన్ డయాక్సైడ్ గ్యాసు. ఈస్టు ధాన్యంలోని చక్కెర తిని మత్తునీ ఈ గ్యాసునీ వదులుతుంది. తాగేవాళ్లకు మత్తుతో పని. మాకు గ్యాసంటే భయం. దానికి రంగు లేదు. గాలి కన్నా బరువు కాబట్టి నేలను పట్టుకుని పేరుకుంటుంది. అది ఎక్కువైన చోట నాలుగు ఊపిర్లు పీలిస్తే చాలు, మనిషి పడిపోతాడు.

మా ఫెర్మెంటర్లు, అంటే బీరు పులిసే పెద్ద స్టీలు ట్యాంకులు, హాలు కన్నా నాలుగు మెట్లు కిందికి ఒక గదిలో ఉండేవి. తాగుతూ చూసుకోవడానికి మధ్యలో అద్దాల గోడ. ఒక్కో ట్యాంకు నుంచి గొట్టం నీళ్ల బక్కెట్లోకి దిగి గుడగుడమంటూ గ్యాసు వదిలేది. దాన్ని బయటికి లాగడానికి నేలకు ఆనుకుని ఎగ్జాస్ట్ ఫ్యాను రాత్రింబగళ్లు తిరిగేది. తలుపు బయట స్విచ్చు. దాని పైన 'ఫ్యాను ఆపరాదు' అని ఎర్ర రంగుతో నేనే రాయించిన హెచ్చరిక.

ఆ గదిని చూసుకునేది నర్సింహ. షేక్‌పేట మనిషి. ట్యాంకు కడిగాడంటే అందులో ముఖం చూసుకోవచ్చు. ఆయన భార్య యాదమ్మ మా వంటగదిలో పనిచేసేది. ఇద్దరికీ పనన్నా దేవుడన్నా ప్రాణం.

ఆ ఏడాది మా ఓనరు ప్రసాద్ గారికి కొత్త ఉత్సాహం పుట్టింది. భీమవరం నుంచి వచ్చి సినిమాల పంపిణీలో సంపాదించిన మనిషి. "జర్మనీవాళ్ల బీరు పండగా మన దసరా ఇంచుమించు ఒకేసారి వస్తాయంటండీ. వదులుకుంటామా?" అన్నారు. అందుకని మార్జెన్ చేశాం. ఎండాకాలం ముందే కాచి, చల్లటి చోట నెలల తరబడి దాచి, పండగ నాటికి తీసే పాతకాలపు బీరు అది. రాగి రంగులో ఉంటుంది, కాల్చిన రొట్టె రుచి వస్తుంది. దానితోపాటు పండగ రద్దీలో ఉన్నది అయిపోతే తర్వాతికి ఉండాలని రెండు ట్యాంకుల నిండా వీట్ బీర్ కూడా పెట్టాం. అది పండగ ముందు రోజు మంచి పొంగు మీద ఉంది.

ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్లిపోయాక నర్సింహ ఆయుధ పూజకు ట్యాంకులన్నిటికీ బంతిపూల దండలు వేశాడు. ముగ్గు పెట్టి, ట్యాంకు ముందు నేల మీద దీపం వెలిగించాడు. తెల్లారేదాకా వెలగాలని మొక్కు. ఫ్యాను గాలికి వత్తి రెపరెపలాడింది. ఆరిపోతే అరిష్టమని ఫ్యాను ఆపేశాడు. గాలి తగలకుండా తలుపు కూడా మూసి ఇంటికి వెళ్లాడు. ఈ సంగతి నాకు మర్నాడు పొద్దున యాదమ్మ నోటి వెంటే తెలిసింది.

నేను వచ్చేసరికి ఆమె హాల్లో మామిడాకుల తోరణం చేత్తో పట్టుకుని దిగాలుగా నిలబడి ఉంది.

"ఏమైంది యాదమ్మా? పండగ పూట ఆ మొహమేంటి?"

"దీపం నిలుస్తలేదు మేడం. పొద్దుగాల వచ్చి చూస్తే ఆరిపోయి ఉంది. ముట్టిస్తే మళ్ల ఆరిపాయె. అగ్గిపుల్ల గుడ కిందికి వంచంగనే ఆరిపోతుందట. ఏం కీడు రానున్నదో, నాకు గుబులైతుంది."

"ఫ్యాను గాలికి ఆరి ఉంటుందిలే."

"ఫ్యాన్ ఏడిది? దీపం కోసమని రాత్రే బంద్ చేసిండు గద."

అగ్గిపుల్ల కూడా వెలగని చోట మనిషి ఊపిరి ఎలా తీస్తాడు?

"నర్సింహ ఏడీ?"

"లోపట్నే. తప్పయితే మాఫ్ చెయ్యమని సాష్టాంగం పడ్డడు. గట్లనే ఉన్నడు, సూడు, ఇంకా మొక్కుతున్నడు."

అద్దంలోంచి చూశాను. ట్యాంకు ముందు బోర్లా, చేతులు తలకు ముందుకు చాచి, ముఖం నేలకు ఆన్చి పడి ఉన్నాడు. పక్కన బక్కెట్లు గుడగుడమంటూనే ఉన్నాయి. ఆయన వీపు కదలడం లేదు.

నేను అరిచిన అరుపు నాకే గుర్తులేదు. పరిగెత్తి స్విచ్చు వేశాను, తలుపు బార్లా తెరిచాను. పై మెట్టు మీదే ముక్కు చురుక్కుమంది. సోడా తాగాక తేన్పు ముక్కులోకి ఎక్కితే ఎలా ఉంటుందో అలా. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక్కి దూకేసరికి యాదమ్మ నన్ను తోసుకుని లోపలికి పోబోతోంది. రెండు చేతులతో నడుం పట్టి వెనక్కి లాగాను.

"ఇడువు! నా మొగడు ఆడ పడిపోయిండు! ఇడువు మేడం!"

"దిగితే నువ్వు కూడా లేవవు! లోపల గాలి లేదు యాదమ్మా!"

"లేకుంటె లేకపాయె! ఇడువు!"

గోళ్లతో రక్కింది. చెయ్యి కొరికింది. అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో! మా చదువులో మొదట చెప్పే మాట ఇదే: ఇలాంటి గదిలో ఒకరు పడితే, కాపాడబోయినవాళ్లు ఆ పక్కనే పడతారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మాట. ఒక మనిషి భర్త కళ్లెదుట పడి ఉంటే ఆమెను పట్టి ఆపడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు. వదిలేద్దామని కూడా అనిపించింది. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం నా చేతులు సడలాయి కూడా.

అరుపులు విని ప్రసాద్ గారు పరిగెత్తుకొచ్చారు. "ఏంటండీ? ఏమైందండీ?"

"మెట్లు దిగకండి! పిప్పి లాగే కొక్కెం తెండి, తొందరగా!"

ధాన్యం ఉడికాక మిగిలిన పిప్పిని లాగడానికి మనిషికన్నా పొడుగు కడ్డీ ఒకటి ఉండేది, చివర కొక్కెంతో. ఆయన దాన్ని తెచ్చి, బయట గుండెనిండా ఊపిరి పీల్చుకుని, పై మెట్టు మీద పడుకుని చాచారు. నర్సింహ కాళ్లు మావైపే ఉన్నాయి. మొదటిసారి కొక్కెం జారింది. ఆయన బయటికి వచ్చి రొప్పి, మళ్లీ ఊపిరి బిగపట్టి వెళ్లారు. ఈసారి ప్యాంటు బెల్టుకు తగిలింది. తడి టైల్స్ మీద మనిషి జారుతూ మెట్ల దాకా వచ్చాడు. దండ ఒకటి చేతికి చిక్కుకుని వెంట వచ్చింది, ముగ్గంతా చెరిగిపోయింది. గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా వచ్చి ఊపిరి బిగపట్టి చెయ్యి వేస్తే, కాళ్లు దొరకబుచ్చుకుని ఇద్దరూ పైకి లాగి బయట పార్కింగులో పడుకోబెట్టారు.

పెదవులు నీలంగా ఉన్నాయి. గడ్డం పైకెత్తి నోట్లోకి గాలి ఊదాను. ఏమీ లేదు. మళ్లీ ఊదాను. యాదమ్మ ఏడవడం కూడా మర్చిపోయి ఆయన పాదాలు పట్టుకుని చూస్తోంది. దేవుడా, ఆ కాసేపు! ఆఖరికి ఛాతీ ఎగిసింది, దగ్గు వచ్చింది. ప్రసాద్ గారి కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

ఆసుపత్రిలో తేరుకున్నాక అడిగాను, "ఊపిరాడలేదా నర్సింహా? లేచి రావాలనిపించలేదా?"

"మొక్కిన మేడం. కండ్లు తెరిస్తే ఆకాశం కనవడ్డది. నడుమల ఏం లేదు."

ఆ మాటకు నాకు ఆ గదిని చూసినప్పటికన్నా ఎక్కువ భయం వేసింది.

ఆ రోజు తెరవలేదు. మర్నాడు తెరిచాం. వీట్ బీర్ పోస్తుంటే గ్లాసులో పైకి లేచే బుడగలు చూసి సగంలో ఆపేశాను. "నురగ తగ్గించండి మేడం" అని ఎవరో అన్నారు. వాదించబుద్ధి కాలేదు, తగ్గించి ఇచ్చాను. తర్వాత గొట్టాలన్నీ ఆరుబయటికి మళ్లించాం. మోకాలి ఎత్తులో గ్యాసు అలారం పెట్టించాం. పూజ అద్దానికి ఇవతలికి మారింది.

యాదమ్మ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. ఎదురుపడితే తల తిప్పుకునేది. నేనూ కదిలించలేదు. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం వంటగదిలో ఉల్లిగడ్డలు తరుగుతూ తనే పిలిచింది.

"మేడం, గా దినం నువ్వు ఇడిసిపెడితె నేను దిగుతుంటి గద."

"దిగేదానివే."

"ఇద్దరం పోతుంటిమి."

"అవును యాదమ్మా."

"గా సంగతి నాకు ఎర్కనే. గని ఆయన లేవకపోతె, నిన్ను సచ్చేదాంక తిడుతుంటి."

"తిట్టు. నువ్వు మిగిలి ఉండి తిడితే నాకదే చాలు."

కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్లీ కత్తిపీట ముందుకు జరిగింది. ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నది ఆ తర్వాత ఆమె అన్న మాటే. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరినీ అందుకే ముందు ఆమె దగ్గరికి పంపేదాన్ని.

"రేపటినాడు ఇంకెవ్వరన్న పడితె, ఉరికేటోళ్లను పట్టే పని నాకు అప్పజెప్పు మేడం. నువ్వు జర ఢీలా పట్టినవ్. నేనైతె ఇడువ."