రంగు తిరిగాక పెట్టే మేత

ఒక ప్రాణికి నా చేతితో మేత పెట్టడం డెబ్బై మూడేళ్ళ వయసులో మొదలుపెట్టాను. అంతవరకు నాకు ఒకరు వడ్డించడమే గాని, నేను ఒకరికి వడ్డించిన సందర్భం లేదు. జంతువులను ఇంట్లోకి రానివ్వకూడదని నా నియమం. ఆ నియమాన్ని నా మనవరాలు ఒక గాజు పెట్టెతో దాటింది. పదకొండో తరగతి చదువుతున్న ఆ పిల్ల, రాయపూర్‌లో పెంపకందారుడి దగ్గర నుంచి, మూడు నెలల వయసున్న బియర్డెడ్ డ్రాగన్‌ను తెచ్చి ముందు గదిలో పెట్టింది.

పేరు గంభీరమే గాని మనిషి చూపుకు అది తొండే. ఒళ్ళంతా ముళ్ళలాంటి పొలుసులు, గొంతు కింద గడ్డంలా వేలాడే చర్మం, పొడవు నా అరచేయంత. ఆస్ట్రేలియా ఎడారులలో పుట్టిన జాతి అట. నా భార్య తొలిరోజే దానికి గడ్డం తొండ అని పేరు పెట్టింది. విజయనగరం జిల్లాలో మా చిన్నతనాన, తొండ తల ఊపితే మనల్ని వెక్కిరిస్తోందని రాయి విసిరేవాళ్ళం. అటువంటి జీవికి మా ఇంట్లో వేడి దీపం, ప్రత్యేకమైన వెలుతురు గొట్టం, కూర్చోవడానికి నల్లరాతి పలక అమర్చడం చూసి నేను పెదవి విరిచాను. ఆ పెట్టె వైపు వెళ్ళేవాడినే కాను.

డిసెంబరులో మనవరాలి బాస్కెట్‌బాల్ జట్టుకు జగదల్‌పూర్‌లో ఎనిమిది రోజుల పోటీలు వచ్చాయి. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతారు. నా భార్యకు పురుగులంటే ఒళ్ళు జలదరిస్తుంది. మిగిలినవాడిని నేను. బయలుదేరే ముందు రోజు సాయంత్రం, మనవరాలు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"తాతగారూ, ఇది చార్ట్. ఇందులో ఉన్నట్టు చేస్తే చాలు, బస్. ఎక్స్‌ట్రా దిమాగ్ పెట్టకండి," అంది.

"ముప్పై ఆరేళ్ళు మిల్లులో కొలిమి నడిపినవాడిని. ఒక తొండను చూసుకోలేనా?"

"అందుకే చెప్తున్నాను."

వంటింట్లోంచి నా భార్య నవ్వు వినిపించింది. "బాగా చెప్పేవే. మీ తాతగారి చేతికి ఏటిచ్చినా దానికో డ్యూటీ చార్టు ఏసేస్తారు. మొన్న తులసి మొక్కకి ఏసేరు."

చార్టు స్పష్టంగానే ఉంది. ఎనిమిదింటికి దీపం వెయ్యాలి. పదింటికి మొదటి మేత, ఒంటిగంటకు రెండోది, నాలుగింటికి మూడోది. మేత అంటే బతికున్న చిన్న కీచురాళ్ళు. తొండ రెండు కళ్ళ మధ్య ఉన్న దూరం కంటే పెద్ద పురుగును పెట్టకూడదు. పెట్టబోయే ముందు వాటిని మూత ఉన్న డబ్బాలో కాల్షియం పొడితో కుదిపితే, బియ్యప్పిండి అద్దుకున్నట్టు తెల్లబడతాయి. పది నిమిషాలలో తిన్నన్ని తినగా, మిగిలినవాటిని తీసేయాలి, లేకపోతే అవే తిరిగి దాన్ని కొరుకుతాయి. సన్నగా తరిగిన ఆవాకు, గుమ్మడి తురుము, మందార రేకులు ఒక మూకుడులో ఎప్పుడూ ఉండాలి.

ఆ కాగితంలో ఒక్క విషయమే నాకు నచ్చలేదు. ఎనిమిదింటి దాకా పడుకోనివ్వడం ఏమిటి? ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో రోజు ఆరింటికి మొదలవుతుంది. మొదటి షిఫ్టు ఆరింటికి. నేను పదవీ విరమణ చేసి పదమూడేళ్ళయినా, ఆరింటికి స్నానం ముగించి నిలబడేవాడిని. పిల్లలు తమ బద్ధకాన్ని జంతువులకు కూడా నేర్పుతున్నారని అనుకుని, పెన్ను తీసి ఎనిమిదిని ఆరుగాను, పదిని ఆరున్నరగాను దిద్దాను. రెండు మూడు మేతలనూ అందుకు తగ్గట్టు ముందుకు జరిపాను.

మొదటి రోజు ఆరింటికి దీపం వేశాను. వేడిని దూరం నుంచి కొలిచే చిన్న పరికరం మనవరాలి దగ్గర ఉంది. రాతి పలక మీదకు గురిపెడితే పావుగంటలో నలభై డిగ్రీలు చూపించింది. చార్టు అడిగిందీ అంతే. ఆరున్నరకు తొండ ముందు కీచురాళ్ళు వదిలాను. నాలుగు తిన్నది. రెండో రోజు మూడు. కాగితం మీద సమయమూ సంఖ్యా రాసి, పక్కన సంతకం కూడా పెట్టాను. మూడో రోజు పొద్దున ఒక్కటి తిని, కళ్ళు మూసుకుంది. తొమ్మిదింటికి చూస్తే పలక పక్కన తడిగా ఒక ముద్ద పడి ఉంది. దానిలో ముందురోజు కీచురాళ్ళు కాళ్ళతో, మీసాలతో, అరగక, తిన్నవి తిన్నట్టే ఉన్నాయి.

తొండ నల్లబడిపోయి, పలక దిగి, చల్లటి నేలకు అతుక్కుని ఉంది. నేను అప్పుడు మొదటిసారిగా దాన్ని చేతిలోకి తీసుకున్నాను. వీపు మీద వేలు పెడితే వెచ్చగా తగిలింది. పొట్ట కింద అరచేయి పెడితే కుళాయి నీళ్ళంత చల్లగా ఉంది. అది నా బొటనవేలిని తన చిన్న గోళ్ళతో పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

దుర్గ్‌లో ఒక పశువైద్యుడికి ఫోను చేశాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఆవులనూ కుక్కలనూ చూస్తాననీ, ఇటువంటిదాన్ని పుస్తకంలో తప్ప చూడలేదనీ, పెంచేవాళ్ళనే అడగమనీ చెప్పాడు.

పెంచే మనిషి మా మనవరాలే. శిక్షకులు ఆమెకు ఫోను ఇచ్చేది సాయంత్రం ఏడింటికి. మర్నాడు ఆమెకు సెమీఫైనల్. నా భార్య కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, గొంతు తగ్గించి అంది. "ఇప్పుడు చెప్పకండి. రేపు దానికి ఆట ఉంది. ఆడేక చెబుదురు గాని."

"ఈలోగా పోతే?"

"పోతే అప్పుడు ఏటి చేస్తాం."

నేను పనిచేసినచోట, తప్పు జరిగితే, చేసినవాడు ఆ షిఫ్టు దిగేలోగా తన చేతితోనే పుస్తకంలో రాయాలి. నా కింద పనిచేసిన ఎందరి చేతనో అలా రాయించాను. ఏడింటికి ఫోను మోగగానే విషయం చెప్పాను. దీపం ఆరింటికి వేశానని కూడా చెప్పాను.

అవతల బంతి నేలకు కొడుతున్న చప్పుడు వినిపించింది.

"చార్ట్‌లో ఎనిమిది అని రాశాను కదా, తాతగారూ."

"రాశావు. నేనే మార్చాను."

"క్యోఁ? ఎందుకు?"

"తప్పే," అన్నాను. ఆ మాటను నేను ఇంట్లో ఎవరితోనైనా అన్నది అదే మొదలు అనుకుంటాను.

ఆ పిల్ల ఏడవలేదు. "దానికి తన సొంత వేడి ఉండదు, తాతగారూ. బయట నుంచి తెచ్చుకోవాలి. రాత్రంతా చల్లగా ఉంటుందా, పొద్దున్న లోపల దాకా వేడి ఎక్కితేనే పొట్ట పనిచేస్తుంది. మీరు రాయి చూశారు. దాన్ని చూడలేదు. రేపు మేత బంద్. ఓన్లీ వేడి, ముక్కు మీద రెండు చుక్కల నీళ్ళు. ఎల్లుండి పెట్టండి."

"ఎల్లుండి ఎన్నింటికి?"

"రంగు చూడండి. అదే చెప్తుంది." ఆ వెంటనే, "బతుకుతుందా?" అని అడిగింది. తెలియదని చెప్పాను.

మర్నాడు ఎనిమిదింటికి దీపం వేసి, పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పరికరాన్ని సొరుగులో పెట్టేశాను. రాయిని చూసి దాన్ని చూడలేదన్న మాట రాత్రంతా నన్ను వదలలేదు. ఎందుకంటే ఆ మాటను అంతకు ముందు ఒకసారి విన్నాను.

నేను కొత్తగా చేరిన రోజులలో, పట్టాలుగా సాగదీసే ఉక్కు దిమ్మెలను కాల్చే కొలిమి మీద ఒక ముసలి మిస్త్రీ ఉండేవాడు. ఛత్తీస్‌గఢీ మనిషి, చదువు లేదు. కొలిమి గోడకున్న కంతలోంచి నీలం అద్దంతో లోపలికి చూసి, దిమ్మె కాలిందో లేదో చెప్పేవాడు. ఒక రోజు కొలిమి పక్కన ఉన్న మీటరు ముల్లు చాలినంత వేడి చూపింది. దిమ్మెలు తియ్యమన్నాను. ఆయన కదల్లేదు. "కాంటా మత్ దేఖియే సాహబ్, రంగ్ దేఖియే," అన్నాడు. ముల్లును కాదు, రంగును చూడమని. నాకు కోపం వచ్చింది. ఆయన వాదించకుండా ఒక్క దిమ్మెను బయటకు తీయించి పక్కన పెట్టించాడు. బయటకు వచ్చినప్పుడు పసుపు పచ్చగా వెలిగిన ఆ దిమ్మె, మేము చూస్తుండగానే మచ్చలు మచ్చలుగా నల్లబడింది. పైచర్మానికి ఎక్కిన వేడిని, చల్లగా ఉన్న గర్భం తాగేసింది. ఆయన దాన్ని తిరిగి లోపలికి పంపించి, మళ్ళీ అద్దం కంటికి పెట్టుకున్నాడు. ఇంకో ముప్పావుగంట అందరం ఆగాము. ఆయన మాటే నిజమని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనతో అనలేదు. తరువాత నా కింద పనిచేసిన కుర్రవాళ్ళందరికీ, గర్భం దాకా కాలనిదాన్ని సాగదీసే రోలర్లలో పెట్టవద్దని నా సొంత జ్ఞానంలా చెప్పాను. ఇంతా చెప్పి, చల్లటి పొట్టలో మేత వేశాను.

ఆ రోజంతా తొండ దీపం కింద పడుకునే ఉంది. సాయంత్రానికి నీటి చుక్కను నాలుకతో అందుకుంది. నల్లదనం మాత్రం పోలేదు. ఏడింటికి మనవరాలు ఫోను చేసి, తాము ఓడిపోయామని ఒక్క మాటలో చెప్పి, దాని గురించి అడిగింది. నేను చెప్పబట్టి ఆడలేకపోయావా అని అడగబోయి మానుకున్నాను. ఆమే అంది. "మీరు చెప్పడం వల్ల కాదు, తాతగారూ. వాళ్ళ సెంటర్ ప్లేయర్ ఆరడుగులుంది."

ఐదో రోజు పొద్దున చలి మరీ పెరిగింది. కిటికీ అద్దాల మీద మంచు తేమ పేరుకుంది. దీపం వేసినప్పుడు తొండ తడిసిన బూడిద రంగులో ఉంది. గడ్డం బొగ్గులా ఉంది. కొంచెంసేపటికి నేను ఊహించని పని చేసింది. పక్కటెముకలు విప్పుకుని, తన ఒంటిని పెసరట్టులా పలచగా పరిచింది. వెలుతురు వైపు వీపు వాల్చి, అటునుంచి ఇటు అంగుళం అంగుళం తిరిగింది. నల్లటి చర్మం వేడిని ఎక్కువ పీలుస్తుంది గనుక నల్లబడిందని నాకు అప్పుడు అర్థమైంది. నేను జబ్బు అనుకున్న నలుపులో సగం, అది తనను తాను కాల్చుకోవడానికి వేసుకున్న కొలిమి రంగు. నడినెత్తిన ఆవగింజంత పలచని మచ్చ ఒకటి ఉంది. అది వెలుతురును పసిగట్టే మూడో కన్ను అని మనవరాలు ఎప్పుడో చెబితే నవ్వాను. ఆ కన్ను ఇప్పుడు దీపానికి ఎదురుగా నిలిచి ఉంది.

తొమ్మిదయింది. తోక మొదట తెల్లబడింది. తరువాత వీపు మీద ఇసుక రంగు మచ్చలు లేచి, ఒకదానితో ఒకటి కలిశాయి. తొమ్మిదిన్నరకు వీపంతా పసుపు తిరిగింది. నా చేయి కీచురాళ్ళ డబ్బా మీదకు వెళ్ళింది. పొట్ట పక్కన ఇంకా నల్లటి చార ఉంది. చేయి వెనక్కి తీసుకున్నాను.

"ఏటండీ, ఉప్మా చల్లారిపోతంది," అని నా భార్య పిలిచింది. ఏడున్నరకు పలహారం చెయ్యని రోజు నాకు గుర్తు లేదు.

"ఇంకా లోపల కాలలేదు," అన్నాను.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, పురుగుల డబ్బాకు దూరంగా నిలబడింది. ఆ చార పలచబడింది, విరిగింది, పోయింది. గడ్డం గోధుమ రంగుకు వచ్చింది. ఒళ్ళంతా, ఎక్కడా మచ్చ లేకుండా, బాగా కాలిన దిమ్మె కొలిమి తలుపు ముందుకు వచ్చినప్పుడు ఉండే ఒకే రంగు. అప్పుడు అది తల ఎత్తి, నోరు సగం తెరిచి, అలాగే ఉండిపోయింది. లోపలి గులాబి రంగు కనిపించింది. వేడి చాలిందని చెప్పడం అదే అని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఒక్క కీచురాయిని, అతి చిన్నదాన్ని, పొడి అద్ది వదిలాను. అది తెల్లగా రెండు అంగుళాలు నడిచి ఆగింది. తొండ కన్ను తిరిగింది. తల ఒక పక్కకు వంగింది. తోక చివర ఒక్కసారి వణికింది. ఆ తరువాత దానిలో ఏదీ కదల్లేదు. నాలుక ఎప్పుడు బయటకు వచ్చిందో నేను చూడలేదు. కీచురాయి ఉన్నచోట కీచురాయి లేదు. పటుక్కుమని చిన్న చప్పుడు, రెండుసార్లు నమలడం, కళ్ళు మూసి మింగడం.

"తిన్నాదా?" అంది నా భార్య.

తల ఊపాను.

ఆ రోజు మూడే పెట్టాను. మధ్యాహ్నం దాకా అవి బయటకు రాలేదు. సాయంత్రం దాకా రాలేదు. ఏడింటి ఫోను మోగకముందే నేనే ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

మనవరాలు తిరిగి వచ్చి, సంచి దించకుండానే పెట్టె దగ్గరకు వెళ్ళింది. తొండను అరచేతిలోకి తీసుకుని, పొట్ట కింద వేలు పెట్టి చూసి, భుజం మీదకు ఎక్కించుకుంది. గాజుకు అంటించిన చార్టును చదివింది. నేను దిద్దిన ఆరునూ ఆరున్నరనూ ఆమె రాకముందే నేనే కొట్టేశాను. మొదటి మేత సమయం ఉండవలసినచోట అంకె లేదు. "పొట్ట పక్కన చార పోయాక" అని రాసి ఉంది. ఈసారి సంతకం పెట్టలేదు.

"రేపు పొద్దున్న నేను పడుకుంటాను, తాతగారూ. అలసిపోయాను, బహుత్ థక్ గయీ," అంది. "మేత మీరే పెట్టండి."