వంతెనకు తన పేరు వద్దన్న సెనేటర్

సెనేటర్ ఎల్విన్ ట్రాస్క్ నోట ‘సరే’ అన్న మాట విన్నవాళ్లు వెర్మాంట్ రాష్ట్రం మొత్తంలో లేరు. పెళ్లినాడు పాస్టరు అడిగిన ప్రశ్నకు కూడా కాసేపు వాదించాకే ఒప్పుకున్నాడని చెప్పుకుంటారు.

వెర్నా హోటల్లో కిటికీ పక్క బల్ల ఆయనది. మొదట్లో “కాఫీ పోయనా?” అంటే “వద్దు” అనేవాడు, పోయకపోతే మొహం మాడ్చుకునేవాడు. ఆవిడ అడగడం మానేసి పోసేయడం మొదలుపెట్టింది. పాన్‌కేకులు ఇవాళ సరిగ్గా కుదరలేదు, తినొద్దంటే చాలు, మేపుల్ పాకం పోసుకుని మరీ తినేవాడు.

వాషింగ్టన్‌లోనూ ఇదే వరస. సొంత పార్టీ అవునంటే ఈయన కాదనేవాడు. అవతలి పార్టీ వాళ్లు మురిసిపోయి దగ్గరికొస్తే వాళ్లనూ కాదనేవాడు. యుద్ధం వద్దన్నందుకు ఊళ్లో తల్లులు ఆయన్ని దేవుడన్నారు. ఆ నోటితోనే సైన్యానికి కొత్త తుపాకులూ వద్దన్నాడు. దాంతో ఊళ్లో తుపాకుల ఫ్యాక్టరీ మూతపడి, వెర్నా మొగుడు మెర్ల్ పని పోయింది. అప్పట్నుంచీ ఆయన ముందు తలుపులోంచి వస్తే మెర్ల్ వెనక తలుపులోంచి పోయేవాడు.

ఆయన పదవి దిగిన ఏడాది, మార్చిలో ఎప్పటిలాగే ఊరంతా సభ కూడింది. ఏటి మీద కట్టిన కొత్త వంతెనకు ఆయన పేరు పెట్టాలన్నారు.

“నేను లేచి కాదంటాను,” అన్నాడు మెర్ల్, బయల్దేరేముందు.

“రేపు మన హోటల్ గడప ఎవరైనా తొక్కుతారా?” అంది వెర్నా.

“తొక్కకపోతే మానె.”

ఒప్పుకున్నవాళ్లు లేవండంటే హాలంతా లేచింది. కాదన్నవాళ్లు లేవండంటే మెర్ల్ ఒక్కడే లేచాడు. వెనక నుంచి ఎవరో, కూర్చోవయ్యా, సిగ్గులేదా అన్నారు. ఇక హోటల్ మూసుకోవాల్సిందే అనుకుంది వెర్నా.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. ట్రాస్క్ లేచి నిలబడ్డాడు.

“నాదీ కాదనే. అతని పని పోయింది నా మాట వల్ల. పైగా, ఒక్కడే నిలబడి కాదనడం ఎంత కష్టమో ఈ హాల్లో నాకే బాగా తెలుసు.”

ఎవరో నవ్వారు, ఆ నవ్వు హాలంతా పాకింది. ఇద్దరు కాదన్నా ఊరు ఊరుకోలేదు, పేరు పెట్టేసింది. మర్నాడు హోటల్ ఎప్పటిలాగే నిండింది.

ఆ వంతెన మాత్రం ఎక్కనని ట్రాస్క్ భీష్మించాడు. ఆయన ఇల్లు ఏటికి అవతల, హోటల్ ఇవతల. ఎగువన ఏరు దాటే పాత దారి మంచు కరిగితే మోకాటిలోతు బురద. అందుకని పొద్దున్నే మెర్ల్ తన ట్రక్కు తీసి, ఆ దారినే ఊరు చుట్టి, ఆయన్ని ఎక్కించుకొస్తాడు. తనూ కాదన్నవాడే గనక తనూ వంతెన ఎక్కనంటాడు.

బురద కొట్టుకున్న బూట్లతో ఇద్దరూ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. వెర్నా ఇద్దర్నీ అడక్కుండానే కాఫీ పోస్తుంది.